అటు సగం ఇటు సగం: ఈ నెల జాబులు, జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచే వచ్చాయి. ఒకటి మాత్రం ఎక్కడో గడ్చిరోలి జిల్లా నుంచి వచ్చింది, దాన్నీ వదల్లేదు. పొడుగు ఉత్తరాలను కుదించాను. పేరు వేయొద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి అందరికీ ఊరు పేరే వేస్తున్నాను, రాసిందెవరో కనిపెట్టే పని మీ ఇరుగుపొరుగు వాళ్ళు ఎలాగూ చూసుకుంటారు.

సర్, మీరు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ అని మా మెడికల్ షాపు బాబాయి చెప్పాడు. ఎప్పుడూ బ్యాగు తగిలించుకుని ఊళ్ళు తిరగటమేగా, విసుగు రాదా? – రాయగడ

తిరిగితే విసుగు రాదండీ, కూర్చుంటేనే వస్తుంది. మేం రోజంతా డాక్టర్లతో మాట్లాడుతూ ఉంటామని అందరూ అనుకుంటారు. రోజులో పెద్ద భాగం డాక్టరుగారి గది బయట బెంచీ మీద పోతుంది. లోపల మాకు దొరికేది ఒకటి రెండు నిమిషాలు, అదీ ఆయన మూడ్ బాగుంటే. బాగా లేకపోతే తల కూడా ఎత్తకుండా శాంపిల్స్ అక్కడ పెట్టమని వేలితో బల్ల చూపిస్తారు, అంతే, ఆ కాల్ అయిపోయినట్టే. ఆ మాత్రం దానికి గంటా గంటన్నర బెంచీ. 'పేషెంట్లందరూ అయ్యాకే ఎం.ఆర్.లు (మెడికల్ రిప్రజెంటేటివ్‌లు)' అని తలుపుకు కాగితం అంటించి ఉంటుంది కాబట్టి ఎవరొచ్చినా నా కంటే ముందే లోపలికి వెళ్తారు.

మెళ్ళో టై, ఒళ్ళో బ్యాగు ఉన్నవాణ్ణి జనం ఖాళీగా ఉండనివ్వరు. మీ ఊళ్ళోనే ఒకసారి ఈ పక్కన కూర్చున్న పెద్దామె మందుల చీటీ నా చేతిలో పెట్టి "బాబూ, ఇందులో ఏటి రాసేరో సూడు" అంది. ఆవిడకు ఏ మాత్ర పొద్దున్నో ఏది రాత్రో చెప్తుంటే, ఆ పక్కన కూర్చున్న కుర్రాడు ఒడియాలో ఆధార్‌కు ఫోను నంబరు ఎలా కలపాలో అడిగాడు. ఇద్దరికీ చెప్పేసరికి డాక్టరుగారు భోజనానికి లేచిపోయారు. ఇంతా చేసి లోపలికి వెళ్తే మందు గురించి ఇంగ్లీషులో చెప్పాలి, బయటికొచ్చి మెడికల్ షాపులో ఎన్ని స్ట్రిప్పులు కదిలాయో తెలుగులో అడగాలి, స్టాకిస్టు మార్వాడీ కాబట్టి డబ్బుల మాట హిందీలో, లాడ్జిలో నీళ్ళు రావట్లేదన్న గొడవ ఒడియాలో. రాత్రికి ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడతో ఏ భాషలో మొదలుపెట్టానో నాకే తెలియదు, "ముందు భోంచేశారా లేదా అది చెప్పండి" అంటుంది.

అసలు టెన్షన్ సాయంత్రం వస్తుంది. డైలీ రిపోర్ట్ ఫోన్లో యాప్‌లో కొట్టాలి, నేను నిజంగానే ఆ ఊళ్ళో ఉన్నానా అని యాప్ జీపీఎస్ చూసుకుంటుంది. కొండల మధ్య సిగ్నల్ పోయిందంటే యాప్ లెక్కలో నేను ఆ రోజు పుట్టలేదు. ఇక మేనేజరు జాయింట్ వర్క్‌కు, అంటే నాతో కలిసి తిరగటానికి, వచ్చే రోజు సంగతి వేరే. మామూలప్పుడు ఎప్పుడొస్తావోయ్ అని పలకరించే డాక్టరుగారు, సరిగ్గా ఆ రోజే నన్ను ఎప్పుడూ చూడనట్టు "మీరే కంపెనీ?" అంటారు. ఇలాంటివి ఉన్నంతకాలం విసుగెలా వస్తుంది?

మా హెడ్డాఫీసు హైదరాబాదులో. జూన్‌లో రజోకి సెలవు అడిగితే అదేం పండుగ, మా క్యాలెండర్లో లేదే అంటున్నారు. ఏం చెప్పాలి అన్నా? – బరంపురం

ముందు మీకు తెలిసిందే వాళ్ళకు చెప్పండి తమ్ముడూ. రజో ఒడియావాళ్ళ పండుగ, జూన్ 14 చుట్టుపక్కల మూడు రోజులు. భూమాత బహిష్టు అవుతుందని నమ్మకం, అందుకే నేల దున్నరు, తవ్వరు. ఆడవాళ్ళు రుబ్బుడూ వంటా పక్కన పెట్టి కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలు ఊగుతారు, ముందే చేసి పెట్టుకున్న పోడొ పిఠా (కాల్చిన పిండివంట) తింటారు, నాలుగో రోజు వసుమతీ స్నానం.

మా వీధిలో తెలుగు కుటుంబాలే ఎక్కువ, ఎవరికీ ఇది పుట్టింటి నుంచి వచ్చిన పండుగ కాదు. అయినా మూడు రోజులు గ్రైండరు ముట్టక్కర్లేదని తెలిసిన మొదటి ఏడే అందరు ఆడవాళ్ళూ భక్తిగా మొదలుపెట్టేశారు. మా అత్తగారు ఆచారాల విషయంలో చాలా గట్టి మనిషి, పక్కింటివాళ్ళ నోములేవీ మనకొద్దంటారు, రజో ఒక్కదానికి మాత్రం "భూదేవి అందరికీ ఒక్కతేగా" అని తీర్పు ఇచ్చేశారు. ఆ మూడు రోజులూ మా ఇంట్లో కాఫీ నేను పెడతాను, బాగుందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

సెలవు చీటీలో మాత్రం రజో అని రాయకండి, 'మిథున సంక్రాంతి' అని రాయండి. రజో మొదటి రోజు వెళ్ళాక వచ్చేది అదే, అబద్ధమేమీ కాదు. సంక్రాంతి అన్న మాట కనిపిస్తే హైదరాబాదులో ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు.

గురువుగారూ, రోజుకు ఎన్ని టీలు తాగుతారు? – పలాస

డాక్టరుగారు అడిగితే రెండు. గ్లాసు సైజు ఆయన అడగలేదు.

మా చిన్న కోడలు ఒడియా అమ్మాయి, మంచి పిల్ల. కానీ దసరా వెళ్ళి వారం తిరక్కుండానే కార్తీకం వచ్చిందని నీచు మానేస్తుంది. మాకేమో దీపావళి వెళ్తే గానీ కార్తీకం రాదు. వంటింట్లో ఎప్పుడు ఏం వండాలో తెలీకుండా పోతోంది. ఎవరి లెక్క సరైంది బాబూ? – పర్లాకిమిడి

ఇద్దరిదీ సరైనదేనమ్మా, అందుకే ఇన్ని తిప్పలు. ఒకరిది తప్పైతే ఎప్పుడో తేలిపోయేది.

మన నెల అమావాస్యకు ముగుస్తుంది, వాళ్ళ నెల పౌర్ణమికి ముగుస్తుంది. దసరా వెళ్ళాక వచ్చే పౌర్ణమి వాళ్ళకు కుమార పూర్ణిమ, దాని మర్నాటి నుంచే మీ కోడలికి కార్తీకం. మనకేమో అప్పటికింకా ఆశ్వయుజ బహుళం ఒక పక్షం మిగిలి ఉంటుంది. దీపావళి రెండిళ్ళకూ ఒకే రోజు వచ్చినా, మన పంచాంగంలో అది ఆశ్వయుజ అమావాస్య, వాళ్ళ పంజికలో కార్తీక అమావాస్య. అదే చంద్రుడు, అదే చీకటి, నెల పేరు ఒక్కటే వేరు. కార్తీక పౌర్ణమి మాత్రం ఇద్దరికీ కార్తీక పౌర్ణమే. కాకపోతే ఆ రోజుతో వాళ్ళ నెల అయిపోతుంది, మనకు సగమే అవుతుంది.

ఇప్పుడు దీన్ని వంటింట్లోకి తెచ్చి చూడండి. మొదటి పక్షం కోడలు తినదు, మీరు తింటారు. రెండో పక్షం ఎవరూ తినరు, ఇల్లు ప్రశాంతం. అందులోనూ పౌర్ణమికి ముందు ఏకాదశి నుంచి అయిదు రోజులు పంచుక, ఆ అయిదు రోజులూ కొంగ కూడా చేపను ముట్టదని ఒడియావాళ్ళ నమ్మకం, కాబట్టి మనుషుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. పౌర్ణమి తెల్లారితే ఛాడొఖాయి. నెలంతా కడుపు కట్టుకున్నవాళ్ళందరూ ఒకేసారి సంచులు పట్టుకుని బయల్దేరతారు, మటన్ కొట్టు ముందు సూర్యుడు రాకముందే క్యూ, ఆ రోజు రేటు అడగటం మర్యాద కాదు. సరిగ్గా ఆ రోజు మీకు కార్తీక బహుళ పాడ్యమి, ఇంకా ఒక పక్షం దీపాలూ సోమవారాలూ మిగిలే ఉన్నాయి. కోడలు మసాలా నూరుతుంటే మీరు పూజగది తలుపు వేసుకోవాలి.

మధ్యలో మీ అబ్బాయి గతి ఆలోచించారా? ఇద్దరినీ మన్నించాలంటే పాపం నెలన్నర. అయితే ఇలాంటి ఇళ్ళల్లో మగవాళ్ళు దీనికి ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు, నేను కళ్ళారా చూశాను. మొదటి పక్షంలో అడిగితే "మేం తెలుగువాళ్ళం కదా, మాకింకా కార్తీకం రాలేదు" అంటారు. ఆఖరి పక్షంలో అడిగితే "మాది ఒడిశా కదా, ఛాడొఖాయి అయిపోయింది" అంటారు. నెలన్నర కాస్తా మధ్య పక్షానికి దిగింది. మీ అబ్బాయి కూడా ఈపాటికి ఆ దారే పట్టి ఉంటాడు, ఎప్పుడు ఎవరి పక్కన కూర్చుని భోంచేస్తున్నాడో కాస్త గమనించండి.

ఇక కోడలితో పేచీ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్తాను. దీపావళి సాయంత్రం మన పిల్లల చేత గోగుపుల్లలకు నూనెగుడ్డ చుట్టి వెలిగించి దిబ్బు దిబ్బు కొట్టిస్తాం కదా. ఆవిడ పుట్టింట్లోనూ అదే సాయంత్రం అలాంటి గోగుపుల్లలే వెలిగించి పైకెత్తి పట్టుకుని, పెద్దలారా చీకట్లో రండి, వెలుగులో వెళ్ళండి అని పితృదేవతలను పిలుస్తారు. పౌర్ణమి తెల్లవారుజామున నదిలో మీరు అరటి దొప్పలో దీపం వదులుతారు. ఆవిడా అరటి దొప్పనే పడవలా కట్టి, అందులో తమలపాకు, వక్క, దీపం పెట్టి వదులుతుంది. అది బొయితొ బందాణొ, పూర్వం వాళ్ళ వ్యాపారులు ఓడలెక్కి జావా, బాలి వైపు వెళ్ళిన దానికి గుర్తు. మహేంద్రతనయ రేవులో చలికి వణుకుతూ ఇద్దరూ పక్కపక్కనే నిలబడి వదిలితే ఆ దొప్పల్లో అత్తగారిదేదో కోడలిదేదో ఎవరూ చెప్పలేరు. గిన్నెలు మాత్రం రెండు సెట్లు పెట్టుకోండి, అది తప్పదు.

జయపురం నుంచి విశాఖకు రైలు మంచిదా, బస్సు మంచిదా? – జయపురం

తొందరుంటే బస్సు, లేకపోతే రైలు. బస్సు కోరాపుట్ మీదుగా సుంకి ఘాట్ దిగి సాలూరు, విజయనగరం వైపు పోతుంది. ఆ మలుపుల్లో నిమ్మకాయ చేతిలో పట్టుకుని కళ్ళు మూసుకున్నవాళ్ళే సుఖపడతారు, ఫోన్లో వీడియో చూసినవాళ్ళు తర్వాత కిటికీ పక్కన కూర్చున్నాయన్ని బతిమాలుకోవాలి.

రైలుదారి సంగతి వేరు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిలా గనుల ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి అక్కణ్ణుంచి జపాను పంపటానికి 1960లలో వేసిన లైను అది, మనుషుల కోసం వేసింది కాదు, మనం అందులో కొసరు. అందుకే గూడ్సు బండి ఎదురొస్తే మన పాసింజరు పక్కకు ఒదిగి నిలబడుతుంది, ఎందుకు ఆగిందని ఎవరూ అడగరు, పల్లీలు కొనుక్కుంటారు. లైను మొత్తం మీద 58 సొరంగాలు. అరకు దాటి శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు వెళ్ళి అక్కణ్ణుంచి అనంతగిరి కొండల్లో దిగటం మొదలవుతుంది. సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లలు కేకలు వేస్తారు. మొదటి రెండు మూడింటికి పెద్దవాళ్ళు విసుక్కుంటారు, ఆ తర్వాత చీకట్లో ఎవరూ చూడరు కదా అని వాళ్ళూ ఒక కేక వేసి, వెలుగు రాగానే పేపరు చదువుతున్నట్టు కూర్చుంటారు. ఒకసారి నా ఎదుట కూర్చున్న పెద్దమనిషి, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎవరో హెడ్మాస్టరుగారిలా ఉన్నారు, ఆయన కేక అందరికంటే బాగుంది.

వైజాగు వాళ్ళు అరకు చూడటానికి అద్దాల పెట్టెకు టిక్కెట్లు కొట్లాడి కొంటారు. మనకు అదే కొండ మామూలు పెట్టెలో మామూలు టిక్కెట్టుకే వస్తుంది, కాకపోతే కిటికీ సీటు కోసం కాస్త ముందే స్టేషనుకు పోవాలి.

నాకు తెల్లారి స్కూటీ వేసుకుని గిరిసోల దాకా వెళ్ళి పెట్రోలు కొట్టించుకోవటం అలవాటు. మా ఆవిడ పిచ్చి అంటుంది. – ఇచ్ఛాపురం

ఒడిశాలో పెట్రోలు లీటరుకు మీకంటే కొన్ని రూపాయలు తక్కువే, పన్నుల తేడా, అది నిజం. మీ స్కూటీ ట్యాంకులో పట్టేదెంత, మిగిలేదెంత అని ఆవిడ లెక్క వేసే ఉంటారు, ఆ లెక్కలో మీరు నెగ్గలేరు. నిజం చెప్పండి సార్, వెళ్ళేది పెట్రోలుకా, బంకు పక్కన వేడి వేడి బరా (మన గారెల్లాంటివి) ఘుగునీకా? ఆకు దొన్నెలో రెండు బరాలు తుంచి వేసి, మీద బఠాణీ ఘుగునీ పోసి, ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇస్తే ఆ వాసనకు మీ పొదుపు అక్కడే ఖర్చవుతుంది. ఈసారి ఆవిణ్ణి కూడా ఎక్కించుకు వెళ్ళండి. పిచ్చి అన్న మాట వెనక్కి తీసుకోకపోయినా, వచ్చే వారం ఎప్పుడు వెళ్తున్నారని తనే అడుగుతారు.

మా చిన్నప్పటి గుణుపురం చిన్న రైలు మీకు గుర్తుందా? ఇప్పటి బండికి ఆ అందం ఎక్కడిది! – గుణుపురం, రిటైర్డ్ టీచరు

గుర్తు లేకేం మాస్టారూ. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి మొదలై, 1931 నాటికి మీ గుణుపురం చేరింది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. ఆ బండి ఎంత నెమ్మది అంటే, దిగి కాలవ గట్టున కాళ్ళు కడుక్కుని మళ్ళీ అదే పెట్టె ఎక్కినవాళ్ళ కథలు మా పెద్దవాళ్ళు తడవకొకటి చెప్పేవారు, ఒక్కో తడవకు కాలవ కాస్త పెద్దదయ్యేది. 2004లో గేజ్ మార్పు కోసం ఆపేశారు, 2011లో పెద్ద పట్టాల మీద గుణుపురం దాకా మళ్ళీ తెచ్చారు.

అందం సంగతి మీరన్నట్టే. నా వరకు నేను మాత్రం కొత్త బండి పక్షమే మాస్టారూ, కోపం వద్దు. ఆ చిన్న రైల్లో మధ్యాహ్నం ఎండకు పెట్టె కాలిపోతుంటే శాంపిల్ సిరప్పులు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళినవాడిగా చెప్తున్నాను. పైగా ఇప్పుడు గుణుపురంలో ఎక్కితే నేరుగా పూరీ దాకా బండి ఉంది. అప్పట్లో జగన్నాథుడి దర్శనమంటే నౌపడలో దిగి, పెద్ద బండి కోసం పెట్టెలూ పిల్లలూ బిందెలూ లెక్కపెట్టుకుంటూ ప్లాట్‌ఫారం మీద జాగారం. ఆ జాగారం మీ ఇంట్లో ఆడవాళ్ళనడగండి, అందం అంటారేమో చూద్దాం.

ఆ లైనులో నాకు నచ్చేది ఇంకోటి ఉంది. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఆంధ్రలో, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ఒడిశాలో. దారిలో రాష్ట్రం మారుతుంది, పల్లీలమ్మే మనిషి మారడు, ఆ అరుపు మారదు, చిల్లర లేదన్న మాట కూడా మారదు.

బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాను. రోజంతా ల్యాప్‌టాప్ ముందు ఉంటే మా నాన్నమ్మ నాకు ఉద్యోగం లేదనుకుంటోంది. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్తోంది. – బరంపురం

ఆవిడ తప్పేముంది? ఉద్యోగమంటే పొద్దున్నే క్యారియర్ సర్దించుకుని చెప్పులేసుకుని బయటికి పోవటం, సాయంత్రం మొహం వేలాడేసుకుని రావటం. మీరు లుంగీ కట్టుకుని పైన ఇస్త్రీ చొక్కా వేసుకుని గదిలో ఒక్కరే ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే పెద్దావిడ భయపడదా? జీతం రోజు ఒక పని చేయండి. బ్యాంకు నుంచి కొంత నగదు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టండి, ఫోన్‌పే కాదు, నోట్లు. మర్నాటి నుంచి మీరు మీటింగులో ఉంటే వీధి అరుగు మీద ఎవరినీ గట్టిగా మాట్లాడనివ్వదు. తర్వాత పెళ్ళి సంబంధాలు వస్తాయి, ఆ సమస్యకు వచ్చే నెల రాయండి.

మీ శీర్షికలో ఎప్పుడూ ఒడిశా కబుర్లేనా? మహారాష్ట్ర అంచున మేమూ తెలుగువాళ్ళమే. – సిరొంచ, గడ్చిరోలి జిల్లా

కోపం న్యాయమైనదే. ప్రాణహిత ఒడ్డున మీరు, గోదావరి అవతల కాళేశ్వరం, ఒకప్పుడు పడవెక్కాల్సిన చోట ఇప్పుడు వంతెన, మీ తెలుగుకు మా తెలుగుకు యాసలో ఎంత దూరమున్నా అవస్థలు మాత్రం ఒకటే. అయినా ఒక విషయంలో మీరు అదృష్టవంతులు. మీ ఉగాది, మీ పక్కింటివాళ్ళ గుఢీ పాడ్వా ఒకే రోజు. వాళ్ళు గుమ్మం ముందు గుఢీ నిలబెట్టి వేపాకు నోట్లో వేసుకుంటారు, మీరు వేపపువ్వు పచ్చడి తింటారు, పొద్దున్నే అందరి నోళ్ళూ ఒకేసారి చేదవుతాయి.

మాకు అలా కాదు. మేం ఉగాది చేసుకునే రోజు మిగతా ఊరు మామూలుగా ఉంటుంది, పిల్లలు కొత్త బట్టలు వేసుకుని స్కూలుకు పోవాలి. మళ్ళీ ఏప్రిల్ 14 ప్రాంతంలో పణా సంక్రాంతి, అది ఒడియావాళ్ళ సంవత్సరాది, అప్పుడు బేలు (మారేడు) గుజ్జు పిసికి, పెరుగూ బెల్లమూ కొబ్బరీ కలిపిన పణా పెద్ద గ్లాసు నిండా ఇస్తారు. ఆ మాట కొస్తే మాకే లాభం. ఉగాదికి పొద్దున్నే లేస్తాం, అబద్ధాలాడం, పిల్లల్ని తిట్టం అని పెట్టుకున్న ఒట్టు ఏదైనా నాలుగు రోజులకే తప్పితే, పణా సంక్రాంతికి ఇంకోసారి మొదలుపెట్టొచ్చు. మీకు ఆ సౌకర్యం లేదు, వచ్చే ఉగాది దాకా ఆగాలి.

మా అబ్బాయి అయిదో తరగతి. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవటం రాదు. స్కూల్లో తెలుగు లేదు. ఇంట్లో పుస్తకం తీస్తే పారిపోతాడు. – పర్లాకిమిడి

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి ఈ మాట అడుగుతున్నారా అమ్మా. 1863లో పుట్టిన ఆయన మీ ఊరి రాజావారి బడిలో మాస్టారుగా ఉంటూ సవరల దగ్గర సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూడా చేశారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. పుస్తకంలో తెలుగు నోట్లో తెలుగులా ఉండాలని జీవితమంతా పోట్లాడిన మనిషి. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నారు.

మీవాడికి పద్యాలు పెట్టకండి. ఆదివారం పక్కనే ఉన్న పాతపట్నం బస్టాండుకు తీసుకెళ్ళి, చేతిలో ఒక జీడిపాకం ముక్క పెట్టి, వచ్చిన ప్రతి ఆర్టీసీ బస్సు బోర్డూ చదవమనండి. పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కో పేరే, తప్పు చదివితే బస్సు వెళ్ళిపోతుంది కాబట్టి పందెంగా ఉంటుంది. టెక్కలి చదివాడంటే ఒత్తులు వచ్చేసినట్టే. శ్రీకాకుళం తడుముకోకుండా చదివితే పరీక్ష పాసు. డ్రైవరు, కండక్టరు కూడా సాయం చేస్తారు, "ఏటి గుంటడా, పలాస బస్సు కాదురా ఇది" అని అరుస్తారు, ఆ పాఠం మర్చిపోడు.

వేసవిలో మధ్యాహ్నం పఖాళొ తిని ఆఫీసుకొస్తే కుర్చీలోనే నిద్ర పడుతోంది. మానలేను, మేలుకోలేను. – కోరాపుట్

మానొద్దు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పులవబెట్టి, పొద్దున పెరుగు, నిమ్మాకు, పచ్చిమిరపకాయ, పక్కన నలిపిన బడియాలు, కాల్చిన వంకాయ, కాస్త వేయించిన చేప ఉంటే ఏ ఉద్యోగమైనా దాని ముందు దిగదుడుపే. ఒడియావాళ్ళు మార్చి 20న పఖాళ దినం అని ఏకంగా ఒక రోజే పెట్టుకున్నారు. మన శ్రీకాకుళం ఇళ్ళల్లో తరవాణి కుండ వెనుక ఇంత చరిత్ర ఉన్నా మనం ఒక తేదీ పెట్టుకోలేకపోయాం, అదీ మన తెలివి.

నిద్రకు మందు చెప్పమంటే, నా దగ్గర శాంపిళ్ళలో దానికి ఏదీ లేదు. పఖాళొ తినే రోజు ఫీల్డు పని పెట్టుకోండి, కుర్చీ పని పెట్టుకోకండి. కుర్చీ తప్పని రోజుల్లో దాన్ని రాత్రికి వాయిదా వేసుకోండి. లేదంటే మీ ఆఫీసరుగారికి కూడా ఒక గిన్నె తీసుకెళ్ళండి, ఆయన నిద్రపోతే మిమ్మల్ని లేపేవాళ్ళే ఉండరు.

రైల్లో పక్కవాళ్ళు పెట్టేవి తినొచ్చా? – సోంపేట

మత్తుమందు కథలు పేపర్లో చదివి నేనూ వద్దనే చెప్పాలి, పిల్లలకు అదే చెప్తాను. కానీ బరంపురంలో ఎక్కిన కుటుంబం స్టీలు డబ్బా మూత తీసి, అందులో ఆవకాయ నూనె ఓడుతున్న పెరుగన్నం చూపించి "తీసుకోండి బాబూ, చాలా ఉంది" అన్నప్పుడు నా మాట మీద నేను నిలబడలేదు. పెట్టేవాళ్ళు ముందు తిన్నాక, అదే డబ్బాలోంచి తీసి పెడితే పర్లేదు. విడిగా పొట్లంలో ఇస్తే దణ్ణం పెట్టి షుగరుందని చెప్పేయండి.

రిటైరయ్యాక ఎక్కడ ఉంటారు? విశాఖా, భువనేశ్వరా? – రాయగడ

పిల్లలు విశాఖ అంటున్నారు, సముద్రం, పెద్ద ఆసుపత్రులు అని. మా ఆవిడ భువనేశ్వర్ అంటోంది, చెల్లెలు అక్కడుంది. నేను బరంపురంలోనే అంటున్నాను. పొద్దున్నే వీధి చివర ఇడ్లీ బండి ఉంది, రెండు పంచాంగాల పండుగలున్నాయి, కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది కాబట్టి పిల్లలకు రావటం పోవటం సులువు. కారణాలు ఇంకా చాలా చెప్పాను గానీ, ఇల్లు మా ఆవిడ పేరు మీద ఉంది కాబట్టి తీర్పు ఇంకా రాలేదు.